వేసవి ఎండ – విద్యుత్తు వెల

హైదరాబాదు పాతనగరంలో పురానాపూల్‌కు చేరువలో ధూల్‌పేట్ ఉన్నది. సంక్రాంతికి పతంగులు, వినాయకచవితికి విగ్రహాలు తయారుచేసే పేటగా దీనికి ఎంతో పేరు. విగ్రహాల పని వేసవి పొడుగునా సాగుతుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో కొబ్బరి పీచు కలిపి అచ్చులలో పోసిన భాగాలు ఎండకు, గాలికి ఆరాలి. ఆరిన తరువాత వాటిని అతికి, నునుపుచేసి, రంగు చల్లుతారు. రంగు చల్లే పిచికారీకి గాలిని ఒత్తి నింపే కంప్రెసరు కావాలి. కంప్రెసరు తిరగటానికి కరెంటు కావాలి. పని చేసేవారి తలపైన పంకా, రాత్రి నిద్రకు కూలరు కూడ కరెంటుతోనే తిరగాలి. విగ్రహం ఆరటానికి మేలుచేసే ఎండయే మనిషికి కరెంటు ఖర్చును పెంచుతున్నది.

ఫిబ్రవరి బిల్లుకంటె ఏప్రిల్ బిల్లు ఎక్కువగా వస్తుందని గృహస్థులందరికీ తెలుసు. ఎందుకు ఎక్కువ అవుతుందో ఆలోచిస్తే మూడు ప్రశ్నలు ఎదురవుతాయి. ఎండ కొద్దిగా పెరిగితే కరెంటు వాడకం అంతకు మించి ఎందుకు పెరుగుతుంది? ఒకే రోజులో మధ్యాహ్నం రెండు మూడు రూపాయలకు దొరికే యూనిట్ రాత్రికి పది రూపాయలు ఎందుకు పలుకుతుంది? కాకినాడ తీరాన సముద్రం అడుగున ఉన్న సహజవాయువుకు, ధూల్‌పేట్ గల్లీలో తిరిగే పంకాకు ఏమి సంబంధం? ఈ మూడింటికీ సమాధానం భౌతికశాస్త్రంలో కొంత, అంగడి లెక్కలో కొంత ఉన్నది.

వేడి పెరిగితే వాడకం ఎంత పెరుగుతుంది?

వేడి ఎల్లప్పుడు ఎక్కువ ఉష్ణోగ్రతనుండి తక్కువ ఉష్ణోగ్రతకు ప్రవహిస్తుంది. గోడలగుండా గదిలోకి వచ్చే వేడి, లోపలి బయటి ఉష్ణోగ్రతల భేదానికి అనులోమానుపాతంలో ఉంటుంది. గదిని 25 డిగ్రీల సెంటిగ్రేడులో ఉంచదలచామనుకుందాం. బయట 35 డిగ్రీలుంటే భేదం 10. బయట 42 డిగ్రీలుంటే భేదం 17. అనగా బయట ఎండ 7 డిగ్రీలు పెరిగితే లోపలికి వచ్చే వేడి 1.7 రెట్లు అయినది.

కథ ఇంతటితో ముగియలేదు. శీతలయంత్రం గదిలోని వేడిని తోడి బయట పారబోసే యంత్రం. బావి లోతు ఎక్కువైనకొద్దీ చేద తోడటానికి శ్రమ ఎక్కువైనట్లే, ఉష్ణోగ్రతల భేదం పెరిగినకొద్దీ ఒక్కొక్క పాలు వేడిని తోడటానికి ఎక్కువ విద్యుత్తు పడుతుంది. యంత్రంలోని లోపలి గొట్టాలు గదికంటె 10 డిగ్రీలు చల్లగాను, బయటి గొట్టాలు గాలికంటె 10 డిగ్రీలు వేడిగాను ఉంటాయనుకుంటే, మొదటి సందర్భంలో తోడవలసిన లోతు 30 డిగ్రీలు, రెండవ సందర్భంలో 37 డిగ్రీలు. ఇది సుమారు 1.23 రెట్లు. రెండు కారణాలను కలిపి గుణిస్తే, 1.7 × 1.23 = 2.1. గోడలగుండా వచ్చే వేడిని మాత్రమే లెక్కించినా, 7 డిగ్రీల ఎండ పెరుగుదలకు ఆ యంత్రపు వాడకం రెట్టింపును మించినది!

పంకా విషయం వేరు. అది గాలిని చల్లబరచదు. చెమటను త్వరగా ఆర్చుతుంది. ఎండ ఎంత ఉన్నా గంటకు అది తీసుకునే విద్యుత్తు దాదాపు ఒక్కటే. కాని అది తిరిగే గంటలు పెరుగుతాయి. నీటి కూలరు మరొక ఉపాయం. ఒక లీటరు నీరు ఆవిరి కావటానికి సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడి కావాలి. ఆ వేడిని గాలినుండి తీసుకోవటం వల్లనే గాలి చల్లబడుతుంది. గంటకు 4 లీటర్ల నీరు ఆవిరిచేసే కూలరు, 200 వాట్ల విద్యుత్తుతో రెండున్నర కిలోవాట్లకు పైగా చల్లదనాన్ని ఇస్తుంది. గాలి పొడిగా ఉన్నంతవరకే ఈ లాభం. ఏప్రిల్ నెలలో హైదరాబాదులో బాగా పనిచేసే కూలరు, జూన్‌లో తేమగాలులు వచ్చిన తరువాత ఉక్కపోతను పెంచేది ఇందుకే. విశాఖపట్నం వంటి సముద్రతీరపు ఊళ్ళలో ఏసీల వైపు మొగ్గు ఎక్కువగా ఉండటానికి కూడ ఇదే కారణం.

హైదరాబాదులో 1966 జూన్ 2న 45.5 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైనది. అటువంటి రోజులు అరుదు. కాని ఇరుకు సందులు, రాతిగోడలు, కాంక్రీటు మేడలు ఉన్న పేటలలో పగలు తాగిన వేడి రాత్రివేళ మెల్లగా బయటికి వస్తుంది. చెట్టూ చెరువూ ఉన్న ఊరిబయట రాత్రి త్వరగా చల్లబడుతుంది. నగరం నడిబొడ్డు చల్లబడదు. అందువల్ల నగరంలో పంకాలు, కూలర్లు, ఏసీలు తెల్లవారేదాకా తిరుగుతూనే ఉంటాయి. సూర్యుడు లేని వేళ ఏర్పడే ఈ వాడకమే విద్యుత్తు అంగడికి పెద్ద చిక్కు తెచ్చిపెడుతున్నది.

రెండువందల యూనిట్ల గీటు

ఎండకు, ఇంటి ఖర్చుకు ఉన్న సంబంధాన్ని ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. ఒక కుటుంబం ఫిబ్రవరిలో 160 యూనిట్లు వాడినదనుకుందాం. యూనిట్ అంటే 1,000 వాట్ల పరికరం ఒక గంట పనిచేస్తే అయ్యే ఖర్చు. ఏప్రిల్‌లో ఆ ఇంట్లో 200 వాట్ల కూలరు రోజుకు 10 గంటలు తిరిగితే నెలకు 60 యూనిట్లు అదనం. మొత్తం 220 యూనిట్లు అవుతుంది.

తెలంగాణలో విద్యుత్ నియంత్రణ మండలి 2022–23 సంవత్సరానికి నిర్ణయించిన రేట్ల ప్రకారం, 200 యూనిట్లకు లోపల వాడే ఇంటికి (100 యూనిట్లకు మించినప్పుడు) మొదటి 100 యూనిట్లకు యూనిట్‌కు 3 రూపాయల 40 పైసలు, తరువాతి 100 యూనిట్లకు 4 రూపాయల 80 పైసలు. కాబట్టి సరిగ్గా 200 యూనిట్లకు 820 రూపాయలు. కాని 200 దాటితే ఇల్లు మరొక తరగతిలోకి పోతుంది. అప్పుడు మొదటి 200 యూనిట్లకు 5 రూపాయల 10 పైసల వంతున 1,020 రూపాయలు, మిగిలిన 20 యూనిట్లకు 7 రూపాయల 70 పైసల వంతున 154 రూపాయలు, వెరసి 1,174 రూపాయలు. స్థిర ఛార్జీలు దీనికి అదనం. ఆ చివరి 20 యూనిట్ల వల్ల పెరిగిన భారం 354 రూపాయలు, అనగా యూనిట్‌కు 17 రూపాయలకు పైమాటే.

2024లో ప్రారంభమైన గృహజ్యోతి పథకం క్రింద అర్హతగల కుటుంబాలకు 200 యూనిట్లవరకు బిల్లు లేదు. ఆ గీటు దాటిన నెలలో మాత్రం మొత్తం బిల్లు చెల్లించాలి. అటువంటి ఇంటికి ఎండ తెచ్చిపెట్టే భేదం సున్నకూ 1,174 రూపాయలకూ మధ్యనున్న భేదమే. ఒకే మీటరు మీద రెండు కుటుంబాలు బ్రతికే ఇంటిలో ఈ గీటు మరింత త్వరగా దాటిపోతుంది. కాబట్టి ఉష్ణోగ్రత అనేది వాతావరణ శాఖవారి పట్టికలో మాత్రమే ఉండే అంకె కాదు. నెలజీతంలో కోతపెట్టే అంకె కూడ.

రాష్ట్రానికి పరాకాష్ఠ మార్చి నెల

నడివేసవి మే నెల గదా, రాష్ట్రమంతటికీ వాడకం ఆ నెలలోనే అత్యధికంగా ఉండాలని ఎవరైనా అనుకుంటారు. తెలంగాణ లెక్కలు వేరుగా ఉన్నాయి. 2023లో అత్యధిక వాడకం మార్చి 30న, 15,497 మెగావాట్లు. 2024లో మార్చి 8న, 15,623 మెగావాట్లు. 2025లో మార్చి 20న, 17,162 మెగావాట్లు. మూడేండ్లూ మార్చి నెలయే!

కారణం పొలాలలో ఉన్నది. తెలంగాణలో 25 లక్షలకు పైగా వ్యవసాయ పంపుసెట్లు ఉన్నాయి. 2018 జనవరి 1నుండి వ్యవసాయానికి ఉచితంగా 24 గంటల సరఫరా ప్రారంభించారు. మార్చిలో యాసంగి వరి పొట్టదశలో, గింజ పాలుపోసుకునే దశలో ఉంటుంది. అప్పుడు నీరు తప్పితే పంట పోయినట్లే. అదే సమయంలో ఎండ ముదరటం వల్ల మడిలోని నీరు త్వరగా ఆవిరవుతుంది. భూగర్భజలం దిగిపోవటం వల్ల మోటారు ఎక్కువ లోతునుండి నీరు తోడాలి. ఈ పొలాల వాడకానికి పట్టణాల పంకాలు, శీతలయంత్రాలు తోడవుతాయి. ఏప్రిల్‌లో కోతలు మొదలుకాగానే పొలాల వాడకం తగ్గుతుంది. అప్పటినుండి నగరపు వాడకం మాత్రం పెరుగుతూ పోతుంది. 2024 మే నెలలో విశాల హైదరాబాదు వాడకం 4,300 మెగావాట్లను దాటింది. పొలానికి మార్చి, నగరానికి మే పరాకాష్ఠలు అయినాయన్న మాట.

దేశం మొత్తానికి వచ్చేసరికి ఉత్తర భారతపు వడగాడ్పులే ప్రధానం. 2024 మే 30న దేశమంతటి వాడకం 2,50,000 మెగావాట్లకు చేరింది. ధూల్‌పేట్ కరెంటు వెలలో ఢిల్లీ ఎండకు కూడ వాటా ఉన్నది. ఎట్లాగంటే, దేశంలోని తీగలన్నీ ఇప్పుడు ఒకే జాలంగా కలిసి ఉన్నాయి.

ఎండ ఉత్పత్తిని కూడ తగ్గిస్తుంది

వాడకం పెరిగే వేళకే ఉత్పత్తి తగ్గటం వేసవిలో రెండవ కష్టం. శ్రీశైలం ఎడమగట్టున 900 మెగావాట్ల భూగర్భ జలవిద్యుత్కేంద్రం ఉన్నది. నాగార్జునసాగర్‌లో కూడ పెద్ద కేంద్రం ఉన్నది. వానాకాలంలో కృష్ణ నిండుగా పారేటప్పుడు ఇవి చౌకగా విద్యుత్తును ఇస్తాయి. వేసవిలో జలాశయాలు అడుగంటుతాయి. మిగిలిన నీరు త్రాగటానికే దాచాలి.

సౌరఫలకాలకు ఎండ ఎంత కాస్తే అంత మంచిదని తోస్తుంది. వాటికి కావలసినది వెలుతురు, వేడిమి కాదు. ఫలకం ఉష్ణోగ్రత 25 డిగ్రీలకు మించిన ప్రతి డిగ్రీకి ఉత్పత్తి సుమారు 0.4 శాతం తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం ఫలకం 65 డిగ్రీలకు వేడెక్కితే ఉత్పత్తి 16 శాతం తగ్గినట్లే. వాయువుతో నడిచే టర్బైన్లకూ ఇదే గతి. వేడిగాలి పలుచన, 15 డిగ్రీల గాలికంటె 40 డిగ్రీల గాలిలో అదే ఘనపరిమాణానికి ద్రవ్యరాశి 8 శాతం తక్కువ. యంత్రం పీల్చే గాలి బరువు తగ్గితే దాని శక్తీ తగ్గుతుంది.

తీగలకు, ట్రాన్స్‌ఫార్మర్లకు మరొక బాధ ఉన్నది. లోహపు తీగ నిరోధం ఉష్ణోగ్రతతో పెరుగుతుంది. వేడికి అది సాగి వేలాడుతుంది. పైగా తీగలో వృథా అయ్యే శక్తి ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతం. ప్రవాహం రెట్టింపయితే నష్టం నాలుగింతలు. రాత్రి పది గంటలకు పేటలోని ఇళ్ళన్నీ కూలర్లు, ఏసీలు వేసినప్పుడు వీధిచివరి ట్రాన్స్‌ఫార్మరులో జరిగేది ఇదే. చల్లారటానికి దానికి చల్లనిగాలి లేదు. లోపలి నూనె, కాగితపు కప్పు వేడెక్కి చివరకు ఫ్యూజు పోతుంది. రాష్ట్రంలో విద్యుత్తు మిగులు ఉన్నా ఒక సందులో దీపాలు ఆరిపోవటానికి కారణం చాలసార్లు ఇటువంటిదే. సరకు కొరత వేరు, దానిని చేర్చే దారి ఇరుకు వేరు. ఈ రెండింటినీ విడదీసి చూడటం అవసరం.

అంగడిలో వెల ఎట్లా తేలుతుంది?

పంపిణీ సంస్థలు తమకు కావలసిన విద్యుత్తులో ఎక్కువ భాగాన్ని ఉత్పత్తి కేంద్రాలతో కుదుర్చుకున్న దీర్ఘకాలపు ఒప్పందాల ద్వారా కొంటాయి. చాలని భాగాన్ని అంగడిలో కొంటాయి. 2008 జూన్‌లో ఇండియన్ ఎనర్జీ ఎక్స్ఛేంజి ప్రారంభమైన తరువాత ఈ కొనుగోలు ప్రతిదినం జరుగుతున్నది. రేపటి రోజును 15 నిమిషాల వంతున 96 భాగాలుగా విభజిస్తారు. ఒక్కొక్క భాగానికి అమ్మేవారు, కొనేవారు తమ ధరలు ముందురోజే తెలుపుతారు. చౌకవానితో మొదలుపెట్టి అవసరం తీరేవరకు అమ్మకందార్లను వరుసగా తీసుకుంటారు. చివర తీసుకున్నవాని ధరయే ఆ పావుగంటకు అందరికీ వర్తిస్తుంది.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. మొదటివాడు 60 యూనిట్లు 3 రూపాయలకు, రెండవవాడు 30 యూనిట్లు 5 రూపాయలకు, మూడవవాడు 20 యూనిట్లు 9 రూపాయలకు అమ్మజూపారు. కావలసినవి 88 యూనిట్లయితే మొదటి ఇద్దరూ చాలు. వెల 5 రూపాయలు, మొత్తం ఖర్చు 440 రూపాయలు. ఎండ పెరిగి 92 యూనిట్లు కావలసివస్తే మూడవవానిని పిలవక తప్పదు. వెల 9 రూపాయలు, మొత్తం ఖర్చు 828 రూపాయలు. సరకు అయిదు శాతం కూడ పెరగలేదు. ఖర్చు 88 శాతం పెరిగినది!

వాడకం 88 దగ్గరనే ఆగి, రెండవవానికి బొగ్గు అందక 10 యూనిట్లు తగ్గినా ఫలితం ఇదే. మళ్ళీ మూడవవానిని పిలవాలి. వాతావరణం కుడివైపు నుండి, ఇంధనపు కొరత ఎడమవైపు నుండి వచ్చి వెలను ఒకే మెట్టు ఎక్కిస్తున్నాయి. రెండూ ఒకేసారి వస్తే మూడవవానినుండి కొనవలసిన భాగం ఇంకా పెరుగుతుంది. ధాన్యాన్ని గాదెలో దాచినట్లు విద్యుత్తును పెద్దమొత్తంలో దాచటం ఇంకా ఖరీదైన పని. ఉత్పత్తి, వాడకం క్షణక్షణం సరితూగాలి. కాబట్టే ఈ అంగడిలో వెల ఇంత చంచలంగా ఉంటుంది.

నిజాం కాలంలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే కేంద్రం నగరానికి విద్యుత్తు ఇచ్చేది. ఆ ఊరి కరెంటు ఆ ఊరికే. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు 765 కిలోవోల్టుల తీగ ద్వారా దక్షిణ జాలం దేశంలోని మిగిలిన జాలంతో ఏకమైనది. అంతకు పూర్వం ఉత్తరాన విద్యుత్తు చౌకగా ఉన్నప్పటికీ దానిని తెచ్చే దారి చాలక దక్షిణాదిలో వెల తరచు ఎక్కువగా ఉండేది. జాలం కలిసిన తరువాత లాభాలూ కలిసినవి, కష్టాలూ కలిసినవి.

2022 వేసవి నేర్పిన పాఠం

2022 మార్చి మన దేశంలో 1901 తరువాత అత్యంత వేడిమి గల మార్చిగా నమోదైనది. అంతకు కొన్ని వారాల ముందు, ఫిబ్రవరి 24న, రష్యా ఉక్రెయిన్‌ల యుద్ధం మొదలై విదేశీ బొగ్గు, వాయువుల వెలలు ఆకాశానికి ఎక్కాయి. దిగుమతి బొగ్గుతో నడిచే కేంద్రాలు వెనుకంజ వేశాయి. స్వదేశీ బొగ్గుకు గిరాకీ పెరిగింది. దానిని మోయటానికి దారి ఇవ్వాలని వందలకొలది ప్రయాణికుల రైలు ట్రిప్పులను రద్దుచేశారు. ఎడమ, కుడి దెబ్బలు రెండూ ఒకేసారి తగిలినవన్న మాట.

ఎక్స్ఛేంజిలో అనేక పావుగంటలకు వెల అప్పటి పరిమితి అయిన 20 రూపాయలను తాకినది. ఏప్రిల్ మొదటి వారంలో కేంద్ర విద్యుత్ నియంత్రణ సంఘం ఈ పరిమితిని 12 రూపాయలకు తగ్గించింది. 2023 ఏప్రిల్‌లో 10 రూపాయలు చేసింది. పరిమితి విధించటం వల్ల వెల ఆగుతుంది, సరకు పుట్టదు. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు రెండు వారాలు ‘పవర్ హాలిడే’ ప్రకటించవలసి వచ్చింది. నిరంతరం నడిచే కర్మాగారాలు సగం విద్యుత్తుతోనే సరిపెట్టుకోవలసి వచ్చినది. యంత్రం ఆగితే రోజుకూలి ఆగుతుంది. విద్యుత్తు కొరత అసలు భారం ఎవరిమీద పడుతుందో దీనివల్ల తెలుస్తుంది.

దీనికి విరుద్ధమైన దృశ్యం 2025 మే నెలలో కనపడినది. ఆ ఏడు వేసవి వానలు పదేపదే పడి, నైరుతి ఋతుపవనాలు మే 24నే కేరళను తాకినవి. శీతలయంత్రాల అవసరం తగ్గింది. ఎక్స్ఛేంజిలో ముందురోజు అంగడి సగటు వెల, అంతకు ముందటి మే నెలకంటె సుమారు అయిదవ వంతు తక్కువకు దిగినది. ఒక వానజల్లు విద్యుత్తు వెలను దించుతుందంటే ఆశ్చర్యపోనక్కరలేదు.

సముద్రం అడుగున ఉన్న వాయువు

సాయంకాలం సూర్యుడు అస్తమించగానే సౌరవిద్యుత్తు మాయమవుతుంది. పంకాలు మాత్రం ఆగవు. ఆ లోటును తీర్చటానికి త్వరగా రాజేయగల కేంద్రాలు కావాలి. చల్లబడిన బొగ్గు బాయిలరును వేడెక్కించటానికి చాల గంటలు పడుతుంది. వాయు టర్బైను అరగంటలోపలే అందుకోగలదు. వాయువు అనే ఇంధనం విలువ ఇక్కడ ఉన్నది.

గోదావరి జిల్లాలలోను, కృష్ణాతీరంలోను విజ్జేశ్వరం, జేగురుపాడు, వేమగిరి, సామర్లకోట, కొండపల్లి కేంద్రాలను ఈ ఆశతోనే నిర్మించారు. కాకినాడ తీరానికి దూరాన కృష్ణా–గోదావరి లోయలోని డి-6 క్షేత్రంలో 2002లో వాయువు దొరికింది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందని అంచనా. 2010లో 6 కోట్లు దాటింది. తరువాత బావులలోకి నీరు, ఇసుక చొరబడి, పీడనం పడిపోయి, 2013 చివరకు ఒకటిన్నర కోటికంటె దిగిపోయింది. వాయువు కేటాయింపులో ఎరువుల కర్మాగారాలకు మొదటి స్థానం. విద్యుత్కేంద్రాలు వాటి వెనుక. 2013 మార్చినాటికి విద్యుత్కేంద్రాలకు ఈ క్షేత్రపు వాయువు అందటం ఆగిపోయింది. వేలకోట్ల రూపాయలతో కట్టిన యంత్రాలు ఊరక నిలిచినవి. 2014 జూన్ 27న తూర్పుగోదావరి జిల్లా నగరం గ్రామంలో, కొండపల్లి దిశగా వాయువును కొనిపోయే గొట్టం పేలి ఇరువదిమందికి పైగా మరణించటం ఆ మార్గపు సరఫరాను కూడ స్తంభింపజేసింది. అదే సంవత్సరం రాష్ట్ర విభజనలో ఒప్పందాల విద్యుత్తు సుమారు 54 శాతం తెలంగాణకు కేటాయించబడినది. వాయువు లేని కేంద్రాలలో వాటా వల్ల ఒరిగేది కొద్ది.

2020 డిసెంబరు తరువాత మరింత లోతునుండి కొత్త క్షేత్రాలు తెరువగా, డి-6 ప్రాంతంలో రోజుకు సుమారు 3 కోట్ల ఘనపు మీటర్లు రావటం మొదలైంది. కాని లోతు సముద్రపు వాయువు ఖరీదైనది. దానికి ఎరువులు, పరిశ్రమలు, నగరాల వాహనాలు పోటీ.

మిగిలిన దారి దిగుమతి. సహజవాయువును మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిస్తే ద్రవమై, ఘనపరిమాణం 600 వంతులలో ఒక వంతుకు తగ్గుతుంది. దానిని ఓడలలో తెస్తారు. మన దేశంలో మొదటి రేవు గుజరాతులోని దహేజ్. 2004లో పని ప్రారంభించినది. దీర్ఘకాలపు ఒప్పందపు వాయువు వెల నిదానంగా మారుతుంది. అప్పటికప్పుడు కొనే ఓడ సరకు వెల అట్లా కాదు. దాని లెక్క ఇట్లా ఉంటుంది.

వాయువును పదిలక్షల బ్రిటిష్ ఉష్ణ ప్రమాణాల వంతున అమ్ముతారు. అది 293 యూనిట్ల వేడికి సమానం. మంచి కేంద్రం అందులో సగం, అనగా సుమారు 146 యూనిట్ల విద్యుత్తుగా మార్చగలదు. 2020 వేసవిలో, కోవిడ్ వల్ల ప్రపంచమంతటా పనులు ఆగినప్పుడు, తూర్పు ఆసియా రేవులలో ఈ ప్రమాణం వెల 2 డాలర్లకు పడింది. విద్యుత్తు యూనిట్‌కు ఇంధన ఖర్చు సుమారు ఒక రూపాయి. 2022 మార్చిలో ఒక దశలో 80 డాలర్లు దాటింది. యూనిట్‌కు 41 రూపాయలు! రెండేండ్లలో నలభై రెట్లు. 10 డాలర్ల వెల దగ్గర, డాలరు 85 రూపాయల లెక్కన, యూనిట్‌కు సుమారు 5 రూపాయల 80 పైసలు ఇంధనానికే అవుతుంది. రవాణా, యంత్రం ఖర్చులు వేరు. దేశంలో వాయు విద్యుత్కేంద్రాల సామర్థ్యం 20,000 మెగావాట్లకు పైగా ఉండి కూడ, మొత్తం విద్యుత్తులో వాటి వాటా రెండు శాతానికి అటూఇటూగా ఉండటానికి కారణం ఇదే.

అయినా కడగండ్ల వేళ వాటిని పిలవక తప్పదు. 2003 విద్యుత్ చట్టంలోని 11వ సెక్షను క్రింద కేంద్ర ప్రభుత్వం, 2024 మే 1నుండి జూన్ 30వరకు వాయుకేంద్రాలన్నీ సిద్ధంగా ఉండాలని ఆదేశించింది. ఊరంతా వండుకున్నాక మిగిలిన కట్టెవలె పడి ఉన్న కేంద్రాలు, వడగాడ్పుల రాత్రులలో ఆఖరి మెట్టుగా ఉపయోగించినవి.

వంటగ్యాసు వేరు, సహజవాయువు వేరు

వంటింటి సిలిండరులో ఉండేది కూడ ఈ వాయువే అనుకోవటం పొరపాటు. సహజవాయువులో ప్రధానమైనది మీథేన్. సిలిండరులో ఉండేవి ప్రొపేన్, బ్యూటేన్. ఇవి సాధారణ ఉష్ణోగ్రతలో కొద్ది పీడనానికే ద్రవమవుతాయి. అందుకే 14.2 కిలోల సరకు ఒక చిన్న బండలో ఇముడుతున్నది. మన దేశం వాడే వంటగ్యాసులో సగానికి మించి దిగుమతి. అందులో ఎక్కువ భాగం పశ్చిమాసియా నుండి వస్తుంది. సౌదీ అరేబియా సంస్థ నెలనెలా ప్రకటించే వెల దీనికి కొలబద్ద.

ఋతువుల విషయంలో కూడ ఒక తిరకాసు ఉన్నది. చలిదేశాలలో ఇళ్ళను వెచ్చచేయటానికి వాయువు కావాలి కాబట్టి అక్కడ గిరాకీ శీతకాలంలో పెరుగుతుంది. వేసవిలో వారు చౌకగా కొని భూగర్భంలో నిలువ చేసుకుంటారు. మనకు వంటగ్యాసు వాడకం వేసవిలో పెరగదు. విద్యుత్తుకోసం సహజవాయువు వాడకం మాత్రం వేసవిలోనే పెరుగుతుంది. ఐరోపావారు గిడ్డంగులు నింపుకునే రోజులలోనే మనము, జపానువారు, కొరియావారు ఓడలకోసం పోటీపడుతున్నాం. వారి చలికాలపు భయం మన వేసవి వెలమీద పడటం ఈ విధంగానే.

చేయదగిన పని

వెలను దించటానికి కొత్త కేంద్రాలు కట్టటం ఒక్కటే మార్గం కాదు. పై ఉదాహరణలో 92 యూనిట్ల అవసరాన్ని 90కి తగ్గించగలిగితే మూడవవాని అవసరం ఉండదు. వెల 9నుండి 5కు దిగుతుంది. అందరూ కొద్దికొద్దిగా తగ్గించిన రెండు యూనిట్లే అంత లాభం తెచ్చినవి. మేడకప్పుకు తెల్లసున్నం వేస్తే ఎండ చాలవరకు తిరిగి పరావర్తనమవుతుంది. 75 వాట్ల పాత పంకాకు బదులు 30 వాట్ల కొత్తరకం పంకా వాడితే, రోజుకు 12 గంటల లెక్కన నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. ఏసీని 20 డిగ్రీలకు బదులు 26 డిగ్రీలలో ఉంచితే తోడవలసిన లోతు తగ్గుతుంది. కంప్రెసరు వంటి పనులను సూర్యుడున్న వేళకు మార్చుకుంటే రాత్రివేళ ట్రాన్స్‌ఫార్మరుకు విశ్రాంతి దొరుకుతుంది.

ఉన్నత పాఠశాలలో దీనిని ఒక ప్రయోగంగా చేయవచ్చు. మార్చినుండి జూన్‌వరకు విద్యార్థులు ప్రతిదినం ఉదయం ఆరు గంటలకు, సాయంకాలం ఆరు గంటలకు తమ ఇంటి మీటరు అంకెను వ్రాసుకోవాలి. వార్తాపత్రికలో వచ్చే గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలను ప్రక్కన గుర్తించాలి. ఉష్ణోగ్రతను అడ్డంగా, యూనిట్లను నిలువుగా తీసుకొని గ్రాఫ్ గీయాలి. పగటి వాడకానికి గరిష్ఠంతో, రాత్రి వాడకానికి కనిష్ఠంతో ఎక్కువ సంబంధం ఉన్నదేమో చూడాలి. కూలరు ఉన్న ఇంటి గీత, ఏసీ ఉన్న ఇంటి గీత, పంకా మాత్రమే ఉన్న ఇంటి గీత వేర్వేరు వాలులతో ఉంటాయి. ఏ ఇల్లు ఏ తేదీన 200 యూనిట్ల గీటు దాటుతుందో ముందుగానే లెక్కకట్టవచ్చు. ఆ తేదీ తెలిసిన ఇంటివారికి, దానిని నెలాఖరు దాటించటానికి ఏ మీట ఎంతసేపు ఆపాలో కూడ తెలుస్తుంది.